ఇసుకరాతి పాత ఇల్లు: కొనేవారి, అమ్మేవారి ప్రశ్నలకు జవాబులు

పాత రాతి ఇళ్ల మీద వచ్చిన ప్రశ్నలన్నిటినీ ఈసారి ఒకచోట చేర్చాం. కొనాలనుకుంటున్నవారూ రాశారు, తాతల నాటి ఇల్లు అమ్మకానికి పెట్టినవారూ రాశారు.

ప్రశ్న: నూరేళ్లు దాటిన ఇసుకరాతి ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. ‘పాతకాలపు సొగసు చెక్కుచెదరలేదు’ అని ప్రకటనలో రాశారు. ఎత్తైన గదులు, చెక్కడాలున్న నిప్పుగూళ్లు, పెద్ద కిటికీలు చూసి ఇంటిల్లిపాదికీ నచ్చేసింది. ధర మాట్లాడే ముందు ఏమేం చూసుకోవాలి?

జవాబు: ఇంటి వయసు గురించి అంత దిగులు వద్దు. నూరేళ్లు నిలిచిన రాతి గోడ రేపు ఎల్లుండిలో కూలిపోదు. ఈ మధ్య నలభై యాభై ఏళ్లలో ఆ గోడకు ఎవరు ఏం పూశారు, సందుల్లో ఏం కూరారు అన్నది ముఖ్యం. పాత ఇసుకరాతి ఇళ్లలో పెద్ద ఖర్చులు తెచ్చిపెట్టేవి ఎక్కువగా ఆ కొత్త మరమ్మతులే.

కారణం ఇది. ఇసుకరాయికి సన్నని రంధ్రాలుంటాయి. వాన పడితే కొంత నీరు పీల్చుకుంటుంది, ఎండ వస్తే వదిలేస్తుంది. పాతవాళ్లు రాళ్ల మధ్య సున్నం వాడారు. సున్నం రాయికన్నా మెత్తన, నీటి ఆవిరిని తేలిగ్గా వదులుతుంది. అందుకే గోడలోని తడి చాలావరకు సందుల గుండానే బయటికి పోయేది. ఆ సున్నం తీసేసి సిమెంటు కూరితే దారి మూసుకుపోతుంది. తడి రాయిలోంచే బయటపడాలి. దానితో పాటు ఉప్పూ రాయిలోకే చేరుతుంది. ఏళ్లు గడిచాక అలాంటి గోడను మూరెడు దూరం నుంచి చూడండి: సిమెంటు సందులు కిటికీ చట్రాల్లా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి, మధ్యలో రాయి రెండు మూడు వేళ్ల లోతు అరిగి ఉంటుంది, వేలితో రాస్తే ఇసుక రాలుతుంది. ఈ గోడ ఇంట్లో ఎన్ని వైపుల ఉందో లెక్క వేసుకోకుండా ధర మాట్లాడకండి.

ఇల్లు చూడటానికి వాన కురుస్తున్నప్పుడు వెళ్లండి. వీలు కాకపోతే వాన వెలిసిన మర్నాడైనా వెళ్లండి. చూపు పైనుంచి కిందికి రావాలి. కప్పు పెంకులు జారాయా, పొగగొట్టం పాదం దగ్గర సీసపు రేకు లేచిందా, చూరు కాలువలో చెత్త పేరుకుందా, వాన గొట్టం వెనక గోడ పచ్చగా నాచు పట్టిందా చూడండి. ఆ పచ్చ చార ఉంటే గొట్టం వెనక అతుకు పగిలి ఉండవచ్చు, దాని లోపలి వైపు గదిలో గోడను తప్పకుండా తడిమి చూడాలి. కింద బయటి నేల ఎత్తు ఎంతుందో కొలవండి. లోపలి గచ్చుకన్నా బయటి నేల కనీసం 150 మి.మీ. దిగువన ఉండాలి. ఏళ్ల తరబడి మట్టి పోసి, పలకలు పరిచి, బయటి నేలను గుమ్మం దాకా తెచ్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. చెక్క నేల ఉన్న ఇంట్లో గోడ అడుగున గాలి కన్నాలు ఉంటాయి. అవి మూసుకుపోతే కింద దూలాలకు గాలి అందదు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటే బూజు కుళ్లు మొదలవుతుంది. మూల పలక ఒకటి ఎత్తి చూపించమని అమ్మేవారిని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక రాయి. ఇసుకరాళ్లన్నీ ఒకటి కావు. రేణువులను పట్టి ఉంచే బంధకం సిలికా అయితే రాయి గట్టిది. స్కాట్లాండులోని ఎడిన్‌బరో న్యూ టౌన్‌లో వాడిన క్రేగ్‌లీత్ రాయి అలాంటిది. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా దాని మీద ఉలి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. బంధకంలో బంకమట్టి ఎక్కువుంటే తడిసి ఆరినప్పుడల్లా రాయి ఉబ్బి కుంగుతుంది, పొరలు లేస్తుంది. సున్నపు బంధకం ఉన్న రాయిని పట్టణపు పొగ, ఆమ్లం తినేస్తాయి. ఎక్కడో మరుగున రాలిన చిన్న ముక్క మీద పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే నురగ వస్తుంది, అదే దాని గుర్తు. ఈ పరీక్ష నిపుణుడి చేత చేయించండి, గోడ మీద మాత్రం వద్దు.

రాయిని పేర్చిన తీరూ చూడాలి. ఇసుకరాయి ఎక్కువగా నీటి అడుగున, కొన్నిచోట్ల గాలికి, పొరలు పొరలుగా పేరుకుని పుట్టింది. గోడలో ఆ పొరలు పడుకుని ఉండాలి. నిలువుగా, ముఖం వైపు తిప్పి పెడితే పుస్తకంలో పేజీల్లా ఒక్కొక్క పొర ఊడొస్తుంది. ఒకటి రెండు రాళ్లు అలా ఉంటే పెద్ద చింత లేదు. గుమ్మం పక్క స్తంభాలన్నీ అలాగే ఉంటే అది ధరలో కనిపించాలి.

ప్రశ్న: మేం చూసిన ఇంట్లో కింది గది గోడ మీద నడుము ఎత్తు దాకా తెల్లని పొడి, పైన రంగు పెచ్చులు. గోడకు రంధ్రాలు వేసి మందు ఎక్కిస్తే చెమ్మ ఆగిపోతుందని కాంట్రాక్టరు అంటున్నాడు. నమ్మవచ్చా?

జవాబు: ఆ తెల్లని పొడి ఉప్పు. నేలలోని తడి గోడ గుండా మీటరు, మీటరున్నర ఎత్తు దాకా ఎక్కి అక్కడ ఆవిరవుతుంది. నీరు పోతుంది, దానిలో కరిగిన లవణాలు మిగిలిపోతాయి. అవి రాతి రంధ్రాల్లో స్ఫటికాలుగా పెరిగి రేణువులను విడదీస్తాయి.

మందు ఎక్కించడం మీద ఆశ పెట్టుకోకండి. పాత రాతి గోడ మందం 500 నుంచి 600 మి.మీ. ఉండటం మామూలు. బయట ఒక వరుస, లోపల ఒక వరుస, నడుమ రాతి ముక్కలూ సున్నమూ కూరి ఉంటాయి. ఆ నడిమి భాగంలో ఖాళీలు ఎక్కువ. పోసిన మందు సందుల్లోకి జారిపోతుంది తప్ప అడ్డంగా ఒక తెరలా నిలవదు. గోడకు రెండు సూదులు గుచ్చి చెమ్మ చూపే మీటరును చూపించి భయపెట్టే పద్ధతి కూడా ఉంది. ఆ మీటరు కొలిచేది కరెంటు పారడాన్ని. దాని అంకెలు చెక్కకు సరిపోతాయి. ఉప్పు పట్టిన రాతి గోడ పొడిగా ఉన్నా అది ఎర్ర గీత దాటుతుంది. నిజం తెలియాలంటే గోడను వేర్వేరు లోతుల్లో కొద్దిగా తొలిచి, ఆ పొడిని తూచి, 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి మళ్లీ తూచాలి. లేదా ఆ పొడిని కార్బైడ్‌తో కలిపి, పుట్టిన వాయువు పీడనాన్ని బట్టి తేమ చెప్పే కార్బైడ్ పరీక్ష చేయించాలి.

చేయాల్సిన పని బయట మొదలవుతుంది. వాన గొట్టాలు బాగుచేయండి. నేల ఎత్తు తగ్గించండి. గోడ వెంట కాలువ తీసి నీటిని దూరంగా పంపండి, పునాది అడుగు దాకా మాత్రం తవ్వకండి. తర్వాత లోపల సిమెంటు పూత, ప్లాస్టిక్ రంగు ఉంటే తీసేయించండి. అప్పుడు గోడ ఆరడం మొదలవుతుంది. రాతి పనివాళ్ల స్థూలమైన లెక్కలో నెలకు 25 మి.మీ. మందం ఆరుతుంది. అంటే మందపాటి గోడకు ఏడాది పైనే పడుతుంది. ఈలోపు కొత్త పూత, రంగు జోలికి పోకండి.

ఉప్పును నీళ్లతో కడగకూడదు, కరిగి మళ్లీ లోపలికే పోతుంది. మెత్తని పొడి బ్రష్షుతో దులిపి, రాలినది వాక్యూమ్‌తో ఎత్తేయండి. ఉప్పు మరీ ఎక్కువుంటే తెల్ల బంకమన్ను, ఇసుక, కాగితపు గుజ్జు శుభ్రమైన నీటితో కలిపిన ముద్దను సుమారు 20 మి.మీ. మందాన గోడకు పట్టించి, పూర్తిగా ఆరాక తీసేస్తారు. ముద్ద ఆరుతూ ఉప్పును తనలోకి లాక్కుంటుంది. ఒక్కసారితో పూర్తయ్యే పని కాదు, రెండు మూడు సార్లు పెట్టాల్సి రావచ్చు.

ప్రశ్న: సిమెంటు తీయించి సున్నంతో పాయింటింగ్ (రాళ్ల సందులు నింపే పని) చేయించాలనుకుంటున్నాం. మా మేస్త్రీకి సిమెంటు పనే వచ్చు. పాళ్లు, పద్ధతి వివరంగా చెప్పగలరా?

జవాబు: ముందు తీయడం గురించి. సిమెంటు గట్టిగా అంటుకుని, రాయి మెత్తగా ఉన్న చోట లాగితే రాతి అంచులు ఊడివస్తాయి. ఒక గజం మేర ప్రయత్నించి చూడండి. రాయి దెబ్బ తింటుంటే అక్కడ ఆపేసి, సిమెంటు తనంతట వదులయ్యే వరకు ఉంచడం మేలు. గ్రైండరు యంత్రాన్ని దగ్గరికి రానివ్వకండి. చెయ్యి అర అంగుళం జారితే రాతి అంచు శాశ్వతంగా పోతుంది. సన్నని ఉలి, సుత్తి చాలు. లోతు కనీసం 25 మి.మీ., లేదా సందు వెడల్పుకు రెండింతలు, ఏది ఎక్కువైతే అది. అడుగు చదరంగా ఉండాలి, గుంటలా కాదు.

రెండు రకాల సున్నాలున్నాయి. నీటి కింద కనీసం మూడు నెలలు నానిన సున్నపు ముద్ద ఒకటి. ఇది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. రెండోది సహజ హైడ్రాలిక్ సున్నం, పొడిగా సంచుల్లో వస్తుంది, నీటితోనూ గట్టిపడుతుంది. దీనిలో ఎన్‌హెచ్‌ఎల్ 2, 3.5, 5 అని తరగతులున్నాయి, అంకె పెరిగే కొద్దీ గట్టిదనం పెరుగుతుంది. మెత్తని, అరిగిన ఇసుకరాయికి సున్నపు ముద్దో, ఎన్‌హెచ్‌ఎల్ 2 రకమో వాడండి. వాన బాగా కొట్టే గోడకు, రాయి గట్టిదైతే 3.5 సరిపోతుంది. 5 తరగతిని మామూలు గోడకు వాడితే మళ్లీ సిమెంటు దారి పట్టినట్టే. సున్నంలో ‘ఒక గుప్పెడు సిమెంటు’ కలుపుదామంటే ససేమిరా ఒప్పుకోకండి.

పాళ్లు మామూలుగా ఒకటికి మూడు: ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక. ఈ లెక్క ఎక్కడిదో మేస్త్రీకి చేసి చూపించవచ్చు. గాజు పాత్రలో పొడి ఇసుక నింపి, పైదాకా తడి తేలే వరకు కొలత పాత్రతో నీళ్లు పోయండి. మంచి ఇసుకకు దాని పరిమాణంలో మూడో వంతు నీరు పడుతుంది. రేణువుల మధ్య ఖాళీ అంతే, దాన్ని నింపడానికి కావలసిన సున్నమూ అంతే. నీరు ఎక్కువ పడితే సున్నం పెంచాలి. ఇసుక కడిగినది, గరుకైనది, పెద్దా చిన్నా రేణువులు కలిసినది కావాలి. ఒకే సైజు మెత్తని ఇసుక వాడితే ఆరేటప్పుడు బీటలు వస్తాయి. అతి పెద్ద రేణువు సందు వెడల్పులో మూడో వంతు మించకూడదు. రంగు కూడా ఇసుకతోనే వస్తుంది కాబట్టి పాత సున్నం ముక్క ఒకటి పగలగొట్టి, లోపలి ఇసుకను చూసి ఎంచుకోండి.

సందులోని దుమ్మంతా దులిపి, ముందు రోజు సాయంత్రం ఒకసారి, పని మొదలు పెట్టే ముందు మళ్లీ ఒకసారి నీళ్లు చల్లండి. రాయి పొడిగా ఉంటే సున్నంలోని తడిని లాగేస్తుంది, పూత పొడిపొడిగా రాలుతుంది. సున్నం గట్టి ముద్దగా ఉండాలి. చేతిలో ఉండ కట్టి వదిలితే విరగకూడదు, జారకూడదు. లోతు ఎక్కువుంటే 20 మి.మీ. చొప్పున పొరలుగా, లోపలికి గట్టిగా నొక్కుతూ నింపాలి. రాతి ముఖం మీదికి పులమకూడదు. బొటనవేలితో నొక్కితే గుర్తు పడీ పడనంత గట్టిపడ్డాక బిరుసు బ్రష్షుతో కొట్టాలి. అప్పుడు పైన తేలిన సున్నపు మీగడ పోయి ఇసుక రేణువులు బయటపడతాయి, గోడకు ఊపిరి ఆడుతుంది. నున్నగా తాపీతో రుద్దితే ఆ పని జరగదు.

ఇక్కడితో పని అయిపోయిందని మేస్త్రీ వెళ్లిపోతాడు. ఎక్కువ పనులు చెడేది ఆ తర్వాతే. తడి గోనెపట్టాలు వేలాడదీసి కనీసం వారం రోజులు ఎండ, గాలి, వాన తగలకుండా చూడాలి, రోజూ తడపాలి. వాతావరణం 5 డిగ్రీలకన్నా చల్లబడే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. తెల్లగా, సుద్దలా రాలుతున్న సందు కనిపిస్తే అది త్వరగా ఆరిపోయిందని గుర్తు. తీసి మళ్లీ చేయాల్సిందే. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కంట్లో సున్నం పడితే వెంటనే శుభ్రమైన నీళ్లతో ఆపకుండా కడిగి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్న: మా కుటుంబపు రాతి ఇల్లు అమ్మకానికి పెడుతున్నాం. గోడలు నల్లబడ్డాయి. ఇసుకను గాలి పీడనంతో గోడకు కొట్టించి, పైన నీరు పట్టని కోటింగ్ వేయిస్తే మంచి ధర వస్తుందని సలహా ఇచ్చారు.

జవాబు: రెండూ వద్దండీ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ఇసుక పీడనం మురికితో పాటు రాయి పైపొరనూ, చెక్కడాల అంచులనూ తీసుకుపోతుంది. గరుకైన ముఖం మీద మురికి, నాచు మునుపటికన్నా త్వరగా పడతాయి. ఆమ్లాలతో కడిగితే ఇనుము ఉన్న రాయిలో గోధుమ, నారింజ మరకలు తేలతాయి, లవణాలు లోపల మిగులుతాయి. సిలికోను కోటింగ్ వాన చుక్కను ఆపినా, సందుల్లోంచి, కిందినుంచి వచ్చే తడిని ఆపలేదు. ఆ తడిలోని ఉప్పు కోటింగ్ వెనక పేరుకుని, కొన్నేళ్లకు ముఖం మొత్తం ఒక పలకలా ఊడుతుంది. తెలిసిన కొనుగోలుదారు ఈ రెండు పనులూ చూడగానే ధర తగ్గిస్తాడు.

నాచు, మట్టి అయితే మెత్తని బ్రష్షు, తక్కువ నీరు చాలు. జిగురు మురికికి తక్కువ పీడనంతో వేడి ఆవిరి పట్టే పరికరం ఉంది. ముందుగా మరుగున ఒక చదరపు అడుగు చేయించి, ఆరాక చూసి నిర్ణయించండి. రాయి నల్లబడటం దానికదే జబ్బు కాదు. మీ డబ్బు చూరు కాలువల మీద పెట్టండి.

ఒక హెచ్చరిక. ఇసుకరాయిని పొడిగా కోసినా, అరగదీసినా వచ్చే దుమ్ములో స్ఫటిక సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. పీల్చగలిగేంత సన్నని సిలికా ధూళి క్యాన్సర్ కారకమని 1997లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. కోత నీళ్లు పోస్తూ జరగాలి, పనివాళ్లకు సరైన మాస్కులు ఇవ్వాలి. మూతికి కట్టిన గుడ్డ దీనికి పనికిరాదు.

ప్రశ్న: కిటికీ పైన మెట్లు మెట్లుగా బీట ఉంది. వదిలేయాలా?

జవాబు: వెడల్పు కొలవండి. భవన నిపుణుల స్థూల వర్గీకరణలో 1 మి.మీ. వరకు సన్న బీట, 5 వరకు స్వల్పం, 15 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. అంతకన్నా ముఖ్యం అది పెరుగుతోందా అన్నది. బీటకు రెండు వైపులా చిన్న మేకులు బిగించి, వాటి మధ్య దూరాన్ని వెర్నియర్‌తో నెలకోసారి, ఏడాది పాటు రాసుకోవాలి. బంకమట్టి నేలలో వానాకాలానికీ ఎండాకాలానికీ బీట కొంత మూసుకుని తెరుచుకుంటుంది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. ఒకే దిశలో పెరుగుతుంటే మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. కొనే ముందు ఏడాది ఆగలేరు కాబట్టి బీట లోపలి అంచులు చూడండి. దుమ్ము, పాత రంగు పట్టి ఉంటే పాతది, శుభ్రంగా పదునుగా ఉంటే కొత్తది. బీట దగ్గర తుప్పు చార ఉంటే రాళ్లను కలిపే ఇనుప బందు లోపల ఉబ్బుతోందని అర్థం. దాన్ని తీసి స్టెయిన్‌లెస్ స్టీలుది వేయాలి. కిటికీ చుట్టూ పసుపు రాయి ఎర్రబారి ఉంటే ఒకప్పుడు అగ్నిప్రమాదం జరిగి ఉండవచ్చు. రాయిలోని ఇనుము వేడికి రంగు మారుతుంది. అక్కడ దూలాలను కూడా పరీక్షించాలి.

ప్రశ్న: ‘పాతకాలపు హంగులు’ అసలైనవో, తర్వాత తెచ్చి పెట్టినవో ఎలా తెలుస్తుంది?

జవాబు: కిటికీ అద్దాన్ని బయట నుంచి ఏటవాలుగా చూడండి. పాత అద్దంలో ఎదుటి చెట్టు నీడ అలలు తిరుగుతుంది, కొత్త అద్దంలో నిటారుగా ఉంటుంది. పైకీ కిందికీ జరిగే కిటికీలైతే చట్రం పక్క పెట్టెలో ఇనుప బరువులు, తాళ్లు ఉంటాయి. తలుపు చట్రం బరువులో సగానికి ఒక్కో బరువు తూగాలి. పై తలుపుకు కాస్త ఎక్కువ, కింది తలుపుకు కాస్త తక్కువ ఉంటే రెండూ ఉన్న చోట నిలుస్తాయి. తాడు తెగిన కిటికీని పారేయకండి, తాడు మార్చడం వడ్రంగికి ఒక పూట పని. కొత్తగా ప్లాస్టిక్ కిటికీలు పెట్టిన ఇంటికన్నా బిగిసిపోయిన పాత చెక్క కిటికీలున్న ఇల్లే మంచిదని మా అభిప్రాయం. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పొడిగా గీకించకండి.

నిప్పుగూడు అందంగా ఉన్నంత మాత్రాన పనికొస్తుందని కాదు. పొగ పరీక్ష చేయించాకే నిప్పు వేయాలి. వాడని పొగగొట్టాన్ని పూర్తిగా మూసేస్తే లోపల చెమ్మ చేరుతుంది, పైన టోపీ, కింద గాలి జాలీ ఉంచాలి.

పోయిన హంగులను ఊహించి కొత్తగా చేయించకండి. పాత కట్టడాల పరిరక్షణకు నిపుణులు రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలనే చెబుతుంది. పాత ఫొటోనో, గోడ మీద మిగిలిన అచ్చో ఆధారంగా ఉంటేనే చేయించాలి.

ప్రశ్న: బాగా పాడైన రాళ్లకు బదులు ఏ ఇసుకరాయి అయినా పెట్టవచ్చా?

జవాబు: రంగు కలిస్తే చాలదు. కొత్త రాయి మరీ బిగువుగా ఉంటే తడి అంతా పక్కనున్న పాత రాళ్లలోకి మళ్లి వాటిని తింటుంది. పాత రాయి ముక్కను ప్రయోగశాలకు పంపితే పలచని కోతను సూక్ష్మదర్శినిలో చూసి రేణువు, బంధకం, రంధ్రాలు సరిపోయే రాయిని సూచిస్తారు. మార్చేటప్పుడు 100 మి.మీ. దాకా లోతు చెక్కి, పొరలు పడుకునేలా పెట్టి, సున్నంతో కట్టించండి. రంగు మొదట్లో తేడాగా కనిపించినా ఎండకూ వానకూ సర్దుకుంటుంది. రాయిలా కనిపించే సిమెంటు పూతతో అచ్చు పోయించడం మాత్రం వద్దు, వెనక రాయి కుళ్లిపోయాక మొత్తం ఊడి పడుతుంది.

ప్రశ్న: ఇల్లు వారసత్వ జాబితాలో ఉందంటున్నారు. కాగితాల్లో ఏం చూడాలి?

జవాబు: మొదట రక్షణ దేనికి ఉందో తెలుసుకోండి. ముందు గోడకేనా, లోపలి మెట్లు, నిప్పుగూళ్లు, ప్రహరీకి కూడానా అన్నది ఒక్కో దేశంలో ఒక్కో తీరు. ఇంగ్లండులో జాబితాకెక్కిన భవనానికి లోపలి భాగానికీ రక్షణ ఉంటుంది. పాత యజమాని అనుమతి లేకుండా చేసిన మార్పును సరిదిద్దమని కొత్త యజమానికి నోటీసు రావచ్చు. అందుకే జాబితాలోని వర్ణనను చేతిలో పట్టుకుని గది గది తిరగండి. వర్ణనలో ఉండి ఇంట్లో లేని ప్రతిదానికీ అనుమతి పత్రం అడగండి. మీరు చేయాలనుకునే మార్పులు సాధ్యమేనా అని సంబంధిత కార్యాలయాన్ని ముందే రాతపూర్వకంగా సంప్రదించండి.

అది కుటుంబపు ఇల్లు అయితే వారసులందరి సంతకాలు, పక్క ఇంటితో ఉమ్మడి గోడ ఉంటే దాని మీద హక్కులు, దారి హక్కులు న్యాయవాది చేత చూపించండి. సర్వే చేసే ఇంజినీరును ఎంచుకునేటప్పుడు సున్నం, రాతి పనిలో అనుభవం ఉందా అని అడగండి. అది లేనివారు ప్రతి పాత గోడకూ చెమ్మ మందే రాస్తారు. బీమాను ఇంటి మార్కెట్ ధరకు కట్టకండి. చెక్కిన రాయితో, సున్నంతో అదే ఇంటిని తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు తరచు అమ్మకపు ధరను మించిపోతుంది. ఆ మొత్తాన్ని పాత కట్టడాలు తెలిసిన వాల్యూయర్ చేత లెక్క కట్టించి, కొనుగోలు ఒప్పందం మీద సంతకం పెట్టకముందే పాలసీ దొరుకుతుందో లేదో కనుక్కోండి.